‘గాబరా’ ఒక్కటే జబ్బు కాదు

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగిళ్లలో ఆందోళన ఏ రకమైనా దానికి ‘గాబరా’ అనే పేరే. ఒడియా డాక్టరుకు ఆ ఒక్క మాటే చెబితే ఈసీజీ తీసి, బాగుందని, గ్యాస్ మాత్ర రాస్తారు. ఆ మాటలో మూడు నాలుగు జబ్బులున్నాయి.

ఉన్నట్టుండి గుండె దడ, చెమట, ఊపిరాడకపోవడం, ‘ఇక పోతాను’ అన్న భయం నిమిషాల్లోనే ముదిరితే పానిక్ అటాక్ కావచ్చు. ఆత్రంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్లు, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతాయి. పక్షవాతమేమో అని ఇంటిల్లిపాదీ హడలిపోయేది అప్పుడే. సైలైన్ ఎక్కించేలోపు అటాక్ దానంతటదే దిగిపోతుంది, పేరు మాత్రం సీసాకు వస్తుంది. ఒకసారి వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. మళ్లీ వస్తుందేమోనని నెల, ఆపైన బెంగపడుతూ బస్సు, సంత మానుకుంటే మాత్రం వైద్యం కావాలి.

ఆరు నెలలుగా దాదాపు రోజూ అప్పు, పిల్లల చదువు, ఆరోగ్యం అంటూ దేనికో దానికి మనసు పీకుతూ, మెడ బిగిసి, నిద్ర చెడితే అది వేరే రకం. వీళ్లలో చాలామంది మెడనొప్పికే మందులు వాడుతుంటారు. నలుగురి ముందు తినాలన్నా మాట్లాడాలన్నా వణుకు పుట్టడం ఇంకో రకం. ఒడియా సరిగా రాక బడిలో నోరు విప్పని పిల్లాడికి ఈ జబ్బు అంటగట్టొద్దు. తెలుగు స్నేహితుల మధ్య కూడా బిగుసుకుపోతున్నాడా అన్నది చూడాలి.

ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినా, నడిస్తే పెరుగుతున్నా, చేతికో దవడకో పాకుతున్నా ముందు ఆసుపత్రికే వెళ్లాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా, తాగుడు హఠాత్తుగా ఆపినా దడ వస్తుంది. అందుకే రక్తపరీక్ష అవసరం.

ఆందోళన తగ్గించే ఆల్‌ప్రజోలం మాత్రను మందుల షాపులో అడిగి మింగడం ప్రమాదం. వారాల్లోనే అలవాటవుతుంది, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు రాసే అసలు మందు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని మానేయొద్దు.

డాక్టరు దగ్గరికి చీటీ రాసుకెళ్లండి: ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలుంది, దేనికి భయపడి ఎక్కడికి వెళ్లడం మానేశారు, నిద్ర, టీ, తాగుడు ఎంత. భాష కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరును మీ సరిహద్దు జిల్లాల పేజీలో వారానికొకసారైనా వేయమని మనవి.

— మానసిక ఆరోగ్య కార్యకర్తలు, పర్లాకిమిడి