ఓసీఐ దరఖాస్తు: ఆదివారం కాగితాలతో రండి

సభ్యులందరికీ నమస్కారం.

విదేశీ పౌరసత్వం తీసుకున్న మన పిల్లలకు, మనవలకు ఓసీఐ కార్డు (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) దరఖాస్తు నింపడంలో సాయపడేందుకు ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు బరంపురంలోని మన సంఘం గదిలో కూర్చుంటున్నాము.

విదేశీ పాస్‌పోర్టు, పాత భారతీయ పాస్‌పోర్టు, మన పౌరసత్వం వదులుకున్నట్టు తెలిపే పత్రం, వీటి నకళ్లను దయచేసి వెంట తీసుకురండి.

పేర్లు మాత్రం ముందే సరిచూసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక తాతల కాగితాల్లో మద్రాసు పేరే ఉంటుంది. తరువాతి ఒడియా పత్రాల్లో ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా పడింది. మా ఇంట్లో ఒక్క అక్షరం తేడాకే దరఖాస్తు వెనక్కి వచ్చింది, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ముత్తాత భారతీయుడైనా అర్హత ఉంటుంది కాబట్టి, రంగూన్ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాల బంధువులు కూడా పాత పత్రాలు వెతికి తేవాలని కోరుతున్నాను.

ఓసీఐ కార్డు అంటే ద్వంద్వ పౌరసత్వం కాదు. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. పిల్లల పేరున పొలం కొనాలనుకునే పెద్దలు ఈ సంగతి తప్పక గమనించాలి.

వచ్చేవారు శనివారం సాయంత్రంలోగా ఇక్కడ తెలియజేయండి. పాస్‌పోర్టు ఫొటోలు మాత్రం గ్రూపులో పెట్టవద్దు.