నాలుగు సెల్‌ల కాటా కొన్నవాళ్లకు ఒక మాట

గత విడతలో మా దగ్గర ప్లాట్‌ఫామ్ కాటా తీసుకున్నవాళ్లలో ఇద్దరు ఒకే ఫిర్యాదు చేశారు. బస్తా మధ్యలో పెడితే ఒక బరువు, అదే బస్తా మూలకు జరిపితే ఇంకో బరువు. వాళ్లు చెప్పింది నిజం.

కాటా కింద నాలుగు మూలల్లో నాలుగు లోడ్ సెల్‌లు, అంటే బరువును కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కలు, ఉంటాయి. వాటి వైర్లు జంక్షన్ బాక్స్‌లో కలుస్తాయి, అంకెలు చూపే ఇండికేటర్‌కు చేరేది నాలుగింటి సగటే. ఒక సెల్ 1 శాతం తక్కువ ఇచ్చినా చాలు, మధ్యలో 100 కిలోలకు సెట్ చేసిన కాటా ఆ మూలన 99.25, మిగతా మూలల్లో 100.25 దగ్గర చూపిస్తుంది.

అందుకే మేం జత కుదిర్చిన సెట్లే, అంటే ఒకే బరువుకు నాలుగూ ఒకేలా సిగ్నల్ ఇచ్చేవే, అడుగుతాం. బిల్లు మీదా అలాగే రాసి ఉంది. విప్పి కొలిస్తే ప్రతి సెట్‌లో ఒక సెల్ మిగతా మూడింటితో కలవలేదు. సెల్‌లు అమ్మిన సప్లయర్‌ని అడిగితే "డేటాషీట్ పరిమితి లోపలే ఉన్నాయి కదండీ" అన్నాడు, అంటే ఒక్కో సెల్‌కు కంపెనీ కాగితంలో ఒప్పుకున్న తేడా దాటలేదని. ఉన్నాయి, కాదనను. ఒక్క సెల్ వాడేవాడికి ఆ మాట సరిపోతుంది. నాలుగు కలిపి వాడేవాడికి పరిమితి ఎందుకు, కావాల్సింది జత! ఇన్నేళ్లూ ఆయన మాట మీదే సరుకు తీసుకున్నాను. ఆ నమ్మకంతోనే ఈసారి హడావుడిలో మూలలు తూచకుండా, మధ్యలో ఒక్కసారి చూసి పంపేశాను. అది మాత్రం నా తప్పే.

ఏం చేయాలో వారం రోజులు తేల్చుకోలేకపోయాను. జంక్షన్ బాక్స్‌లో ఒక్కో సెల్ సిగ్నల్‌ని సర్దే ట్రిమ్ పాట్‌లు ఉంటాయి. స్క్రూ తిప్పి ఎక్కువ చూపే మూలల్ని తగ్గిస్తే గంటలో పని అయిపోతుంది. మా కుర్రాడు అదే చేద్దామన్నాడు. చిన్న తేడాలకు మేమూ చేసేదే. కానీ ఒక మూల తిప్పితే ఇంకో మూల కదులుతుంది. పైగా వీటిలో ఒక సెల్‌ని ఎండలో పెట్టి చూస్తే, బరువేమీ లేకపోయినా సున్నా దగ్గర నిలవలేదు. ఆ జబ్బుకు స్క్రూ మందు కాదు.

కాబట్టి నాలుగు సెల్‌లూ మార్చేస్తున్నాం. ఒక్కటే మారిస్తే మళ్లీ జత కుదరని గొడవే. మొండితనం అనుకున్నా ఫర్వాలేదు. ఖర్చు మాది. తూకం రాళ్లు పెట్టి మీ ఎదురుగానే ప్రతి మూలా తూచి చూపిస్తాం. తూనికలు కొలతల శాఖ ముద్ర మళ్లీ వేయించాల్సి వస్తే అదీ మేమే చూసుకుంటాం. మేం వచ్చేదాకా సరుకు మధ్యలోనే పెట్టండి. జంక్షన్ బాక్స్ మూత తెరవకండి, లోపలికి తేమ చేరితే అదో కొత్త టెన్షన్.

పాత సెల్‌లు వెనక్కి పంపమని సప్లయర్ అడుగుతున్నాడు, ఇంకెవరికో అంటగట్టడానికేనేమో. డబ్బు చేతికొచ్చేదాకా అవి నా బల్ల మీదే ఉంటాయి.