హనుమకొండ అన్నయ్యకు 14 జీబీల థ్యాంక్స్

పోయాయనుకున్న నా పద్నాలుగేళ్ళ మెయిళ్ళు తిరిగి తెప్పించినందుకు నేను థ్యాంక్స్ చెప్పాల్సిన మనిషి మొహం ఇంకా చూడలేదు. గొంతు మాత్రం బాగా తెలుసు, నాలుగు రాత్రులు కలిపి ఏడెనిమిది గంటలు ఫోన్లో విన్నాను. ఉండేది హనుమకొండ, టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, నేను పుస్తకం చేసిపెట్టిన ఒక రచయిత గారికి వియ్యంకుడు. అంతకు మించి రాయొద్దన్నారు. "నా పేరు పెట్టినవనుకో, తెల్లారేసరికి ఊరందరి కంప్యూటర్లు నా ఇంట్లనే ఉంటయ్" అన్నారు. సరే అన్నయ్యా, పేరు పెట్టను, కానీ జరిగింది మాత్రం మొత్తం రాస్తాను, దానికి మీరు అడ్డు చెప్పలేదు.

నేను విజయవాడలో డీటీపీ చేస్తాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు కూడా చేస్తాను గానీ ఎక్కువ పుస్తకాలే. రచయితలు మ్యాటర్ మెయిల్లో పంపుతారు, నేను అను ఫాంట్లలో కొట్టి పేజీలు కట్టి ప్రూఫు పీడీఎఫ్ పంపుతాను, వాళ్ళు దిద్దుబాట్లు పంపుతారు, నేను మళ్ళీ పంపుతాను, ఇలా ఒక్కో పుస్తకానికి ఆరేడుసార్లు మెయిళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి. ఇదంతా 2011 నుంచి థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లోనే. మొదట్లో ఎవరో పెట్టిచ్చారు, అదే అలవాటైపోయింది. తెరిస్తే ఎడమ పక్కన రచయితల పేర్లతో ఫోల్డర్లన్నీ వరసగా కనిపిస్తాయి, సర్దుకున్న బీరువాలాగా.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. పుస్తకం అచ్చుకి వెళ్ళాక పేజీలు కట్టిన పేజ్‌మేకర్ ఫైళ్ళు జిప్ చేసి ఆ రచయితకే మెయిల్ చేసేదాన్ని, "ఎక్కడికి పోతుంది, సెంట్‌లో ఉంటుందిలే" అని. సెంట్ అంటే పంపిన మెయిళ్ళు ఉండే ఫోల్డర్, అదే నా బ్యాకప్. ఆ తర్వాత డిస్కులో చోటు చాలక అసలు ఫైళ్ళు తీసేసేదాన్ని. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, డీటీపీ చేసేవాళ్ళలో సగం మంది ఇదే పని చేస్తారని నాకు తెలుసు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది కదా, దానికి తోడు సిస్టమ్ బాగా నెమ్మదించింది, డిసెంబర్ మొదట్లో దగ్గర్లోని షాపులో ఇస్తే విండోస్ 11 వేసి ఇచ్చారు. "అక్కా, డీ డ్రైవ్ ముట్టుకోలేదు, మీ ఫైళ్ళన్నీ భద్రం" అన్నాడు అక్కడి అబ్బాయి. నిజంగానే ముట్టుకోలేదు. నా మెయిళ్ళు డీ డ్రైవ్‌లో లేవన్న సంగతి అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

జనవరిలో పుస్తక మహోత్సవం, మూడు పుస్తకాలు అప్పటికి బయటికి రావాలి, ఆ హడావుడిలో అయిదు రోజులు మెయిళ్ళు ఫోన్లోనే చూసుకున్నాను. ఆరో రోజు తీరిక చేసుకుని థండర్‌బర్డ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. తెరవగానే పేరేంటి, మెయిల్ ఐడీ ఏంటి, పాస్‌వర్డ్ ఏంటి అని కొత్తవాళ్ళని అడిగినట్టు అడిగింది. అన్నీ ఇచ్చాను. ఇన్‌బాక్స్‌లోకి 63 మెయిళ్ళు వచ్చాయి. సెంట్ ఖాళీ. రచయితల ఫోల్డర్లు ఒక్కటీ లేవు. కాసేపు ఇంకా దిగుతున్నాయేమోనని కూర్చున్నాను, టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ చూశాను, 63 దగ్గరే ఆగిపోయింది.

నా మెయిల్ పాప్ పద్ధతిలో ఉందట, అంటే వచ్చిన మెయిల్ నా కంప్యూటర్లోకి దిగిపోతుంది, సర్వర్‌లో కొన్నాళ్ళే ఉంటుంది, మాకున్న సర్వర్‌లో చోటు తక్కువ కాబట్టి అలా పెట్టుకున్నాం. పంపిన మెయిళ్ళ సంగతి ఇంకా ఘోరం. మాలాంటి సెట్టింగుల్లో సెంట్ అనేది నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. జీమెయిల్ వాడేవాళ్ళకి ఈ బాధ అర్థం కాదు. పద్నాలుగేళ్ళుగా "సెంట్‌లో ఉంటుందిలే" అనుకున్నది ఉన్న ఒకే ఒక్క చోటు నుంచి పోయింది. ఆ సెంట్‌లో ఉన్న రచయితల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలు రెండో ముద్రణ వేద్దామని అడిగితే ఏమని చెప్పను? ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లవారి రచయిత గారు ప్రూఫుల కోసం ఫోన్ చేస్తే నా గొంతు విని అడిగారు, చెప్పాను, ఆయన "మా వియ్యంకుడికి ఇవన్నీ పిచ్చి, ఒకసారి మాట్లాడమ్మా" అని నంబర్ ఇచ్చారు. నేను మొహమాటపడి సాయంత్రం దాకా చెయ్యలేదు. ఆ లోపు మా మేనల్లుడు వచ్చాడు, వాడికి కంప్యూటర్ అంటే ధైర్యం ఎక్కువ. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంది, ముందు చోటు చేద్దాం అత్తా, తర్వాత ఏదైనా రికవరీ సాఫ్ట్‌వేర్ వేద్దాం అని డిస్క్ క్లీనప్ తెరిచాడు. రాత్రి ఎనిమిదింటికి అన్నయ్యకి ఫోన్ చేసి, మేమూ ఊరికే కూర్చోలేదని చెప్పుకోవడానికి, "ఇప్పుడే డిస్క్ క్లీనప్ చేస్తున్నామండీ" అన్నాను.

"ఆగు! ఏం నొక్కకు. ఆ పిల్లగాన్ని కుర్చీల నుంచి లెవ్వమను."

పరిచయం లేని మనిషి మొదటి మాటే అది. తర్వాత నెమ్మదిగా ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. షాపులో సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టిండా, లేకుంటే పాతదాని మీదనే ఎక్కిచ్చిండా? నాకేం తెలుసు? "అయితే సీ డ్రైవ్ తెరువు, విండోస్ డాట్ ఓల్డ్ అని ఫోల్డర్ ఉన్నదా సూడు." ఉంది. ఫోన్లో రెండు సెకన్లు మాట లేదు, తర్వాత "ఉన్నది కదా? ఇగ పరేషాన్ కాకు బిడ్డా" అన్నారు.

ఫార్మాట్ చెయ్యకుండా విండోస్ వేస్తే పాత విండోస్, పాత యూజర్ ఫోల్డర్లు అన్నీ మూటగట్టి ఆ విండోస్ డాట్ ఓల్డ్‌లో పెడుతుందట. పది రోజులు అయ్యాక దానంతట అదే తీసేస్తుందట. నాకు అది ఏడో రోజు. ఇక మా వాడు తెరిచిన డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" అని ఒక లైన్ ఉంది చూశారా, అన్నింటికంటే ఎక్కువ చోటు తింటున్నది అదే కాబట్టి వాడు అన్నింటికంటే ముందు దానికే టిక్ పెట్టాడు. ఓకే కొట్టడం ఒక్కటే మిగిలింది. రాస్తుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి. (వాణ్ణి ఏమీ అనకండి, వాడూ సాయం చేద్దామనే వచ్చాడు, ఈ పోస్టు చూసి ఎలాగూ ముడుచుకుంటాడు.)

ఎనీడెస్క్ (దూరం నుంచే నా కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఇస్తాను, మీరే చూసెయ్యండి అన్నాను. ఒప్పుకోలేదు. "మొహం తెల్వనోనికి కంప్యూటర్ అప్పజెప్తవా? నేను చెప్త, నువ్వు చెయ్యి" అన్నారు. అప్పుడు విసుగనిపించింది, ఇప్పుడు ఆ మాటకే ఎక్కువ థ్యాంక్స్.

థండర్‌బర్డ్ మూసెయ్యమన్నారు, తెరిచి ఉండగా కాపీ చెయ్యకూడదట. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్ళి హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టించారు, ఎందుకంటే యాప్‌డేటా అనే ఫోల్డర్ మామూలుగా కనపడదు. విండోస్ డాట్ ఓల్డ్, అందులో యూజర్స్, అందులో నా పేరు, యాప్‌డేటా, రోమింగ్, థండర్‌బర్డ్, ప్రొఫైల్స్. మధ్యలో పర్మిషన్ లేదంటే కంటిన్యూ కొట్టమన్నారు. ప్రొఫైల్స్‌లో అడ్డదిడ్డమైన అక్షరాలతో రెండు ఫోల్డర్లున్నాయి, ఒక్కో ఫోల్డర్ ఒక్కో ప్రొఫైల్, మెయిళ్ళూ సెట్టింగులూ అందులోనే ఉంటాయి. ఏది మనది అంటే "ఏది బరువున్నదో గదే మనది" అన్నారు. ఒకటి కొన్ని కేబీలు, ఇంకోటి 14 జీబీ. లోపల మెయిల్ అనే ఫోల్డర్, అందులో ఇన్‌బాక్స్, సెంట్ అని ఎక్స్‌టెన్షన్ లేని ఫైళ్ళు. ఒక్కో మెయిల్ ఫోల్డర్ మొత్తం ఒక్కటే ఫైలు, మెయిళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి చుట్టలా రాసి ఉంటాయట. సెంట్ ఒక్కటే 5.8 జీబీ.

కాపీ చేద్దామంటే పెన్‌డ్రైవ్ మొరాయించింది. 32 జీబీది, ఖాళీ బోలెడంత ఉంది, అయినా ఫైలు పెద్దదని తిరగ్గొట్టింది. ఆయనకి చూడకుండానే అర్థమైంది. పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్ 32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, దాంట్లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, మొత్తం చోటు ఎంతున్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలోకి ఫార్మాట్ చేస్తే పడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఏమన్నా ఉన్నాయా అని అడిగారు, లేవన్నాను, మళ్ళీ సూడు అన్నారు, చూస్తే మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు. అవి తీసి డీ డ్రైవ్‌లో పెట్టాక అప్పుడు ఫార్మాట్. పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, డీ డ్రైవ్‌లోకి ఇంకో కాపీ. అది పూర్తయ్యేసరికి రాత్రి పన్నెండు దాటింది, ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు, మధ్యలో వాళ్ళావిడ పాలు తెచ్చివ్వడం కూడా వినిపించింది. వదినగారూ, మీకూ థ్యాంక్స్, క్షమించండి కూడా.

రికవరీ మర్నాడు అన్నారు, నిద్రమత్తులో ఇలాంటివి చెయ్యొద్దట.

మర్నాడు పని చాలా చిన్నది, భయమే పెద్దది. ఇప్పటి థండర్‌బర్డ్ ఫోల్డర్‌ని చెరపకుండా దాని పేరు మార్చి పక్కన పెట్టించారు, ఆ స్థానంలో పాత ఫోల్డర్ మొత్తం, ప్రొఫైల్స్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలుతో సహా, పెట్టించారు. తెరిచాను. ఎడమ పక్కన నా బీరువా! రచయితల పేర్లు వరసగా, 2011 నుంచి. సెంట్ నొక్కితే మాత్రం ఖాళీ. గుండె జారిపోయింది. "ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్" అన్నారు తాపీగా. మెయిళ్ళు ఉన్న ఫైలు వేరు, వాటి జాబితా ఉండే ఎంఎస్ఎఫ్ ఫైలు వేరు, జాబితా చెడితే మెయిళ్ళు పోయినట్టు కాదట, అసలు ఫైలు చూసి మళ్ళీ రాసుకుంటుందట. పుస్తకంలో విషయసూచిక పేజీ చిరిగితే పుస్తకం పోయినట్టా అని నాకు నేనే అనుకున్నాను. పావుగంటకి సెంట్ నిండింది.

కొత్త వెర్షన్‌లో పాత ప్రొఫైల్ తెరుచుకుంటుంది గానీ, కొత్తదాంట్లో వాడిన ప్రొఫైల్ పాత వెర్షన్‌లో పెడితే ఒప్పుకోదని కూడా చెప్పారు, కాబట్టి పాత కంప్యూటర్ల మీద ప్రయోగాలు చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఆ మధ్యలో వచ్చిన 63 మెయిళ్ళ సంగతి ఏంటన్నాను. దానికి ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. పక్కన పెట్టిన ఫోల్డర్లోంచి ఆ ఇన్‌బాక్స్ ఫైలు ఒక్కటి తీసి, "కొత్తవి" అని పేరు మార్చి, థండర్‌బర్డ్ మూసి, పాత ప్రొఫైల్లో లోకల్ ఫోల్డర్స్‌లో పడేయించారు. తెరిచేసరికి "కొత్తవి" అని ఫోల్డర్ ప్రత్యక్షం, 63 మెయిళ్ళతో సహా. అక్కడి నుంచి లాగి ఇన్‌బాక్స్‌లో వేసుకున్నాను.

పాస్‌వర్డ్ అడగకుండానే మెయిల్ పనిచేసేసరికి సంతోషపడ్డాను. ఆయన మాత్రం "సంబురపడకు" అన్నారు. పాస్‌వర్డ్‌లు ఆ ప్రొఫైల్లోనే ఉంటాయి, మన ఫోల్డర్ ఎవరు కాపీ చేసుకున్నా వాళ్ళకీ అడగదు. సెట్టింగ్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్, అంటే ఆ పాస్‌వర్డ్‌లన్నిటికీ తాళం లాంటిది, పెట్టించారు. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు నగల డబ్బాలో ఉంది.

ఇంకోటి. "ఫోల్డర్లు కాంపాక్ట్ చెయ్యమంటారా" అని థండర్‌బర్డ్ అప్పుడప్పుడు అడుగుతుంది కదా, నేను భయపడి ఎప్పుడూ వద్దనే నొక్కేదాన్ని. మనం డిలీట్ చేసిన మెయిళ్ళు కాంపాక్ట్ చేసేదాకా ఆ ఫైల్లోనే ఉంటాయట, కనిపించవంతే. రెండు కాపీలు ఉన్నాయని నిర్ధారించుకున్నాక నాలుగో రాత్రి కాంపాక్ట్ చేయించారు, 5.8 జీబీ సెంట్ 3.9కి దిగింది. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంది, బ్యాకప్ దాంతో చెయ్యొచ్చు కదా అంటే, ప్రొఫైల్ 2 జీబీ దాటితే అది జిప్ చెయ్యలేదు, నీలాంటోళ్ళకి ఫోల్డర్ కాపీనే దిక్కు అన్నారు.

డబ్బు సంగతి ఎత్తితే ఫోన్ పెట్టేశారు. మూడు పుస్తకాలూ ప్రెస్సుకి వెళ్ళాయి, ఒక్కో కాపీ హనుమకొండకి పోస్టు చేస్తాను, దానికైనా ఏమీ అనకండి.

ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి ఎనిమిదింటికి ఒక మెసేజ్ వస్తుంది, "కాపీ పెట్టినవా?" అని, అంతే, ఇంకేం ఉండదు. పెట్టాను అన్నయ్యా అని జవాబిస్తాను. పోయిన శనివారం పెట్టలేదు, పెళ్ళి కార్డుల పనిలో పడి మర్చిపోయి, పెట్టానని అబద్ధం చెప్పాను. ఇది మీరు చదువుతారని తెలుసు కాబట్టి ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ఇవాళ పొద్దున్నే పెట్టేశాను, రెండు చోట్లా.