ఆమెకు వచ్చింది జ్వరం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గృహహింస బాధితులకు ఉద్యోగం పోకుండా సెలవు ఇవ్వాలన్న డిమాండ్ మీద పది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. అందులో ఒక యాజమాన్య ప్రతినిధి “ఉన్న సెలవులు చాలవా, ఇదొకటి ఇస్తే దుర్వినియోగమే ఎక్కువవుతుంది” అన్నారు. ఆ రోజే రాద్దామని కూర్చుని, కోపంలో మాట జారుతుందేమోనని ఆగాను. పది రోజులైనా కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

ఒక సంస్థలో హాజరు, జీతాల సెక్షన్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. సెలవు చీటీలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. మా దగ్గర పనిచేసే ఒకామె నడి ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని వచ్చేది. ఒకరోజు సెలవు చీటీ నింపుతూ ‘కారణం’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి, “మేడం, ఇక్కడ ఏం రాయమంటారు?” అని అడిగింది. కింది పెదవి చిట్లి ఉంది. “జ్వరం అని రాసెయ్యమ్మా” అన్నాను. ఆ గడిలో నిజం రాసే వీలు లేదని మా ఇద్దరికీ తెలుసు.

జ్వరమైతే రెండు రోజులు దాటాక మెడికల్ సర్టిఫికెట్ పెట్టాలి. లేని జ్వరానికి సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తెస్తుంది? తర్వాత కోర్టు వాయిదాలు మొదలయ్యాయి. క్యాజువల్ లీవులు అయిపోయాయి, జీతం కోత పడింది, ఆపైన ‘ముందస్తు అనుమతి లేకుండా తరచూ గైర్హాజరు’ అని మెమో. ఆ మెమో టైపు చేసింది మా సెక్షనే. సంజాయిషీలో ఉన్నదున్నట్టు రాస్తే ఆ ఫైలు పట్టుకున్న ప్రతివాడికీ ఆమె ఇంటి సంగతి తెలిసిపోతుంది. రాయకపోతే ఉద్యోగం పోతుంది. ఆమె రాయలేదు. నాలుగో నెలలో తీసేశారు. చేతిలో జీతం లేక మళ్లీ ఆ ఇంటికే వెళ్లిందని తర్వాత తెలిసింది.

ఉన్న సెలవులు చాలవా అన్న పెద్దమనిషికి ఒకసారి లెక్క వేసి చూడమని మనవి. పోలీస్ స్టేషన్‌కి, ఆస్పత్రికి, గృహహింస బాధితులకు సాయపడే రక్షణాధికారి దగ్గరికి, లాయరు దగ్గరికి, కోర్టుకి తిరగాలి. అద్దెకు వేరే ఇల్లు వెతుక్కోవాలి, పిల్లల్ని వేరే బడిలో చేర్చాలి. వీటిలో చాలా పనులు ఆఫీసు వేళల్లోనే జరగాలి. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపే సాధారణంగా మొదటి విచారణ తేదీ ఉండాలని, ఆ తేదీ నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని అందులోనే రాసి ఉంది. కోర్టు మెట్లెక్కిన వాళ్లను అడగండి, 60 రోజుల్లో ఎవరికి తేలిందో. అవతలి లాయరు రాలేదని ఒక వాయిదా, సమన్లు అందలేదని ఇంకో వాయిదా. ప్రతి వాయిదాకీ ఒక రోజు జీతం పోతుంది.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం చేసినప్పుడు, విచారణ జరుగుతున్నంత కాలంలో ఫిర్యాదుదారు కోరితే మూడు నెలల దాకా సెలవు సిఫారసు చేయవచ్చని, అది మామూలు సెలవులకు అదనమని రాశారు. మంచి పని చేశారు. అదే స్త్రీ మీద ఇంట్లో దాడి జరిగితే సెలవు గురించి ఒక్క ముక్క లేదు. 29 కార్మిక చట్టాలను కుదించి నాలుగు కోడ్‌లు చేసినప్పుడైనా ఈ ఒక్క వాక్యం చేర్చాలని ఎవరికీ తట్టలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నవారే. అంటే నేను చూసిన హాజరు పట్టికల్లో ఆమె ఒక్కతే అయి ఉండదు. మిగతావాళ్లు నన్ను అడక్కుండానే జ్వరమని రాసి ఉంటారు.

ఇది ఇంటి గొడవలకే పరిమితం కాదు. దోపిడీలో దెబ్బలు తిన్నవాళ్లు, అత్యాచారానికి గురైనవాళ్లు సాక్ష్యం చెప్పడానికి ఎన్నిసార్లు తిరగాలో చూడండి. సమన్లు అందుకుని రాకపోతే వారెంట్ ఇస్తారు. వెళితే ఆఫీసులో జీతం కోస్తారు. ఇలా చేస్తూ సాక్షులు ముందుకు రావడం లేదని వాపోతే ఎలా?

ఫిలిప్పీన్స్ ఏమంత ధనిక దేశం కాదు. 2004లోనే బాధిత స్త్రీలకు పది రోజుల దాకా జీతంతో సెలవు చట్టంలో పెట్టింది. న్యూజిలాండ్‌లో 2019 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది రోజులు ఇస్తున్నారు. ఆస్ట్రేలియా 2023లో అంతే ఇస్తూ ఇంకో నియమం పెట్టింది: ఆ సెలవు పేరు జీతం స్లిప్పులో కనబడకూడదు. కొట్టే మనిషే ఇంట్లో ఆ స్లిప్పు తీసి చూస్తాడు కాబట్టి. నెలనెలా వందల స్లిప్పులు తీసిన నాకు ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు. చదివాక చాలాసేపు మనసు మనసులో లేదు.

మన అధికారులు మార్చి 8న సభలు పెడతారు, ఫ్లెక్సీలు కడతారు, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు పోస్టర్లు గోడలకు అంటిస్తారు. ఆ గోడ పక్కనే ఉన్న బీరువాలోని సెలవు నిబంధనల పుస్తకాన్ని మాత్రం ఎవరూ తెరవరు. చాలాచోట్ల రక్షణాధికారి పోస్టునే వేరే పనిలో తలమునకలైన అధికారికి అదనపు బాధ్యతగా అంటగడతారు. ఆయన దొరికే రోజు కోసం బాధితురాలు ఇంకో సెలవు పెట్టాలి.

దుర్వినియోగం భయమే అయితే ఎఫ్‌ఐఆర్, కోర్టు సమన్లు, రక్షణాధికారి రాసే గృహహింస నివేదిక, ఇవేవీ రుజువులు కావా? ఆ కాగితాన్ని ఒక్క అధికారి చూసి, సీల్ చేసి పెడితే చాలు, పది బల్లల మీద తిప్పక్కర్లేదు. ఆ సెలవు వాడుకున్నందుకు ఉద్యోగం తీయకూడదని, బదిలీ చేయకూడదని స్పష్టంగా రాయాలి.

మీ విలేకరి ఆ ప్రతినిధిని మళ్లీ కలిస్తే నా తరఫున ఒక్కటి అడగమని కోరుతున్నాను. కోర్టుకు వెళ్లాల్సిన రోజు సెలవు కావాలంటే, వాళ్ల సంస్థలో పనిచేసే స్త్రీ ఆ ‘కారణం’ గడిలో ఏం రాయాలి?

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగిని