దోమల క్రీము గురించి

అందరికీ నమస్కారం. "క్రీము రాసుకున్నా దోమలు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి, ఇది నకిలీ సరుకా?" అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. తిరుగుతాయండీ. ఈ క్రీము దోమను చంపేది కాదు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, ఒంటి వేడి పట్టుకుని ఆడదోమ మన దగ్గరికి వస్తుంది. క్రీములో ఉండే డీట్ అనే రసాయనం ఆ వాసన పసిగట్టే శక్తిని తికమక పెడుతుంది. అయినా వచ్చి వాలిందనుకోండి, దోమకు కాళ్లతో కూడా రుచి తెలుస్తుంది కాబట్టి డీట్ తగలగానే లేచిపోతుంది. అంటే రాసిన చోటే రక్షణ. మోచేతులకు రాసుకుని మడమలు వదిలేస్తే అది మడమలనే వెతుక్కుంటుంది. మా ఇంట్లో రోజూ జరిగేది ఇదే.

డీట్‌ను 1946లో అమెరికా సైన్యం కోసం తయారు చేశారు. ట్యూబు మీద శాతం ఎక్కువుంటే ఎక్కువసేపు పనిచేస్తుందని అర్థం, అంతే. చెమట బాగా పడితే మళ్లీ రాసుకోవాలి. సన్‌స్క్రీన్ వాడేవారు ముందు అది, తర్వాత ఇది. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, గాయాల మీద రాయకండి. రెండు నెలల లోపు పసివాళ్లకు అసలు వద్దు, దోమతెర కట్టండి. కళ్లజోడు ప్లాస్టిక్ ఫ్రేముకు అంటితే అది పాడవుతుంది (నాకు అనుభవమే).

డెంగీ దోమ పగలు కుడుతుంది, కాబట్టి పిల్లలను ఉదయం బడి బస్సు దగ్గరికి పంపేముందే రాయండి. కూలర్లలో, పూలకుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లు ఈ ఆదివారం లోపు పారబోయండి.