మీకు అమ్మిన స్ఫటిక మాలల గురించి

మైలాపూర్‌లో మన కొట్టు రెండు వారాలు మూసి ఉండటంతో చాలామంది ఫోన్ చేశారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్లొచ్చాను. ఆగిన ఆర్డర్లన్నీ ఈ వారంలో పంపేస్తాను. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. మీకు అమ్మిన కొన్ని స్ఫటిక మాలల్లో నావల్ల తప్పు జరిగింది.

అది ఎలా బయటపడిందో చెబుతాను. ఒకరోజు తమ్ముడు, మరదలు నన్ను ఆర్కన్సా రాష్ట్రంలోని మౌంట్ ఐడాకి తీసుకెళ్లారు. వాషిటా కొండల్లో చిన్న ఊరు. అక్కడి కొన్ని స్ఫటిక గనుల్లో టికెట్ కొంటే సాయంత్రం దాకా తవ్వుకోవచ్చు, దొరికింది మనదే. స్ఫటికం (క్వార్ట్జ్) 1967 నుంచి ఆ రాష్ట్రానికి అధికారిక ఖనిజం కూడా. ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను గానీ, మట్టిలో ఉన్న స్ఫటికాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

గనిలోంచి తోడి పోసిన ఎర్రమట్టి కుప్పలు. ముందురోజు వాన పడింది. వాన వెలిసి ఎండ కాస్తే మంచిదట, పైమట్టి కొట్టుకుపోయి రాయి తళుక్కుమంటుంది. మొదటి గంట ఏమీ దొరకలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ, మట్టిముద్దలు చేత్తో చిదుపుతూ కూర్చున్నాను. ఒక ముద్ద విడిపోయి వేలికి నున్నటి పలక తగిలింది. ఆరు పలకలు, చివర కొన. ఎవరూ సానపట్టింది కాదు, పుట్టడమే అలా పుట్టింది. కోట్ల ఏళ్ల కిందట రాతి పగుళ్లలోకి చేరిన వేడినీళ్లలోని సిలికా పేరుకుని అలా తయారైందట. నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రానికి అర బకెట్ అయింది. కడిగి లెక్కపెడితే అరవై మూడు. నీళ్లలా తేటగా ఉన్నవి రెండే, అవీ చిటికెనవేలి గోరంత. మిగతావాటిలో పొగలాంటి తెరలు, పాలతెలుపు, లోపలి పగుళ్లు. ఎర్రమరక ఆక్సాలిక్ యాసిడ్‌లో పెడితే పోతుంది. తెర పోదు, అది రాయితో పాటే పుట్టింది.

ఆ బకెట్ ముందు నాకు టెన్షన్ మొదలైంది. ఇన్నాళ్లూ మీతో "ఎంత తేటగా ఉంటే అంత అసలుది" అన్నాను. తెరలున్న మాలల్ని "సెకండ్స్" అని తక్కువకిచ్చాను. మరి నూట ఎనిమిది పూసలూ మచ్చ లేకుండా ఉన్న మాల అంత చవగ్గా ఎలా వస్తోంది? మన తంజావూరు పక్కన వల్లంలో దొరికే స్ఫటికంతో ఒకప్పుడు కళ్లద్దాలు చేసేవారు. తేటరాయి కోసం వాళ్లెంత వెతికేవారో ఇప్పుడు అర్థమవుతోంది.

తిరిగొచ్చాక స్టాకంతా భూతద్దంలో చూశాను. ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర కొన్న రెండు కట్టల్లో గుండ్రటి గాలిబుడగలు కనిపించాయి. నేను తవ్వి తెచ్చిన రాతి కొనతో ఒక పూసను గీశాను. గీత పడింది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ లెక్కలో స్ఫటికం 7, మామూలు గాజు 5.5 దగ్గర. అవి గాజు పూసలు. పరీక్షించకుండా, ఆయన మాట మీద అమ్మింది నేనే.

ఆ కట్టల్లోంచి 41 మాలలు మీ ఇళ్లకు చేరాయి. కార్తీకమాసం నుంచి కొన్నవాళ్లు మాల తీసుకురండి, మీ ఎదుటే చూస్తాను. గాజైతే డబ్బంతా వాపస్, బిల్లు అక్కర్లేదు. జపం చేసుకున్న మాలను వదలబుద్ధి కాకపోతే ఉంచుకోండి, డబ్బు మాత్రం తీసుకోవాలి.

ఇకమీదట "సెకండ్స్" అన్న మాట ఉండదు. తేట పూసల ధర పెరుగుతుంది. పసుపు రంగు సిట్రిన్ రాయి చాలావరకు ఊదారంగు అమెథిస్ట్ రాయిని కాల్చి చేసిందే, అది కూడా చీటీ మీద రాస్తాను.

తవ్వి తెచ్చిన రాళ్లు గల్లాపెట్టె పక్కన పళ్లెంలో పెట్టాను. అమ్మకానికి కాదు. వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి.