నాలుగో తరగతి నైతిక విద్య పీరియడ్ గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం నాలుగో తరగతి పిల్లలు తమ ఇళ్లలో ప్రార్థన ఎలా చేసుకుంటారో నైతిక విద్య పీరియడ్‌లో ఒకరికొకరు చెప్పుకొన్నారని, ఒక బాబు స్నేహితుడి దగ్గర విన్న ప్రార్థనా వాక్యాన్ని ఇంట్లో పలికాడని, ఆ రాత్రే తరగతి వాట్సాప్ గ్రూపులో "బడిలో మతం నేర్పుతున్నారు" అన్న మాట మొదలైందని మీలో చాలామందికి ఈపాటికి తెలుసు. మర్నాడు కొందరు ఆ పీరియడ్‌ను ఎత్తేయమన్నారు. మరికొందరు తమ మతప్రార్థనను అందరిచేతా చెప్పించమన్నారు. ఈ రెండు కోరికలనూ ఎందుకు మన్నించలేమో చెప్పడానికే ఈ లేఖ.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండరాదని, మనలాంటి గుర్తింపు పొందిన బడుల్లోనైతే సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధనకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మనరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. కాబట్టి అందరిచేతా ఒకే మతప్రార్థన చెప్పించడం కుదరదు. అయితే మతాల గురించి తెలియజెప్పడాన్ని ఆ అధికరణం ఆపలేదు. దేశంలో చదువుల తీరుపై 1964–66లో పనిచేసిన కొఠారి విద్యా కమిషన్ ఈ రెంటినీ విడదీసి, ప్రధాన మతాల గురించి చక్కగా ఎంపిక చేసిన సమాచారం పాఠ్యాంశాల్లో ఉండాలని సిఫారసు చేసింది. మతాల అధ్యయనం 28వ అధికరణానికి విరుద్ధం కాదని 2002లో, బడుల పాఠ్యప్రణాళికపై వచ్చిన అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మా టీచరు ఎవరినీ ప్రార్థించమనలేదు, చెప్పమన్నారు, వినమన్నారు.

తొమ్మిదేళ్ల పిల్లలు చనిపోయిన తాతయ్య ఎక్కడికి వెళ్లారని, దేవుడు అందరికీ ఒక్కడేనా అని, నమ్మనివాళ్లు మంచివాళ్లు కారా అని అడుగుతారు. ఈ ప్రశ్నలను "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని నోరు మూయించే బడి నాకు వద్దు. "కొందరు ఇలా నమ్ముతారు, ఇంకొందరు అలా నమ్ముతారు, మీ ఇంట్లో పెద్దలను కూడా అడుగు" అనే పద్ధతిలోనే మా టీచర్లు జవాబిస్తారు. ఉదయం అసెంబ్లీలో పాటించే రెండు నిమిషాల మౌనం కూడా ఇందులో భాగమే. విద్యాసంస్థల్లో రోజు మౌనధ్యానంతో మొదలుకావాలని రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ సూచించింది. ఆ సూచన చిన్నపిల్లలకే మరింత నప్పుతుందని నా గట్టి నమ్మకం. ఆ రెండు నిమిషాల్లో ఒకరు తమ దేవుణ్ణి తలచుకోవచ్చు, ఇంకొకరు ఊరికే కళ్లు మూసుకోవచ్చు, ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు.

ఆ రోజు తరగతిలో ఒక పాప లేచి "మా ఇంట్లో దేవుడి పటాలు లేవు, నాన్నగారు నమ్మరు" అంది. ఒక్కరూ నవ్వలేదు. పక్కనున్న బాబు "మరి పరీక్షల ముందు ఏం చేస్తారు?" అని అడిగితే "చదువుకుంటాం" అని నెమ్మదిగా చెప్పింది. అంత ధైర్యంగా చెప్పిన పాపను, అంత మర్యాదగా అడిగిన బాబును చూసి నేను పొంగిపోయాను. ఆ తల్లిదండ్రులకు నా అభినందనలు.

ఒక విన్నపం. ఇతరుల విశ్వాసాల గురించి భోజనాల దగ్గర చులకనగా అన్న మాటలు మర్నాడు ఆటస్థలంలో పిల్లల నోట మాకు వినబడుతున్నాయి. అవి పిల్లల సొంత మాటలు కావని గుర్తుపట్టడం మాకు కష్టం కాదు. ఈ పీరియడ్ వివరాలతో విద్యాసంవత్సరం మొదట్లోనే పంపిన కాగితంపై చాలామంది చదవకుండానే సంతకం చేశారని కూడా ఈ వారం అర్థమైంది. దయచేసి సందేహాలను అర్ధరాత్రి గ్రూపులో టీచరు పేరు పెట్టి రాయకుండా, డైరీలో నాలుగు మాటలు రాసి పంపండి.



వచ్చే శనివారం నాలుగో తరగతి నైతిక విద్య పీరియడ్‌కు వచ్చి వెనుక బెంచీలో కూర్చోవాలనుకునేవారికి స్వాగతం. తమ బిడ్డ ఆ పీరియడ్‌లో ఉండవద్దనుకునేవారు లిఖితపూర్వకంగా తెలియజేస్తే ఆ సమయంలో లైబ్రరీలో కూర్చోబెడతాము. దానివల్ల మార్కులకు గాని, మా ఆదరణకు గాని ఏ లోటూ రాదు.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు